ఖాళీగా వదలాల్సిన గడి

అక్టోబర్ 3

ముందుగా తప్పు ఒప్పుకోవాలి. ఎవరి దగ్గర ఒప్పుకోవాలో తెలియదు, ఈ పుస్తకం నేను తప్ప ఎవరూ చూడరు. అయినా చెబుతున్నాను. నా రాత కోడి గెలికినట్టు ఉంటుంది. ఒత్తులు ఉండాల్సిన చోట ఉండవు, అక్కర్లేని చోట ఉంటాయి. మా ఊరి బళ్ళో అయిదు వరకే ఉండేది. ఆ అయిదు కూడా మాస్టారు సగం ఏడాది సెలవులో ఉండగా చదివాను.

ఈ పుస్తకం లెక్కలమ్మ ఇచ్చింది. ఆఫీసులో అంకెలన్నీ చూసే అమ్మాయి. పేరు వేరే ఉంది, మేమంతా లెక్కలమ్మ అంటాం. కొలతకు వెళ్ళేవాళ్ళందరికీ ఒక్కోటి ఇచ్చి, ఆ రోజు జరిగింది రాసుకోమంది, తనకు చూపించక్కర్లేదంది. మొదటి రెండు విడతల్లో ఒక్క ముక్క రాయలేదు. ఇంటావిడ దీనిమీద పాలగిన్నె పెడుతూ వచ్చింది. అట్టమీద గుండ్రంగా మరక.

ఇవాళ మూడో విడత మొదలైంది.

అక్టోబర్ 5

రెండో షెడ్డు అయింది. ముప్పై ఒక్క మంది.

ఇంతకీ మీరు చేసే పనేమిటని పొద్దున ఇంటావిడ మళ్ళీ అడిగింది. చెప్పాను. పన్నెండు కోత షెడ్లున్నాయి. రంపం ఆడినంతసేపూ పొట్టు లేస్తుంది, అది పీల్చి మనుషులకు ఊపిరి తగ్గుతుంది. చీటీలు తీసి ఆరు షెడ్లకు పొట్టు లాగేసే యంత్రం పెట్టారు. మిగతా ఆరింటికీ పెట్టలేదు. ఆరునెలలకోసారి, మొత్తం నాలుగుసార్లు, అదే మనుషుల చేత గొట్టంలోకి ఊదించి ముల్లు ఎంతదాకా పోయిందో రాస్తాం. యంత్రం పని చేస్తుందని తేలితే మిగతా ఆరింటికీ పెడతారు. నేనూ పోస్టుమేనూ కలిసి నాలుగు షెడ్లు చూస్తాం. ఆయన నిజంగానే పోస్టుమేన్‌గా రిటైరయ్యాడు. నేను కోత మిల్లులో మర దగ్గర చేశాను కాబట్టి నన్ను తీసుకున్నారు, మనవాడే అని పనివాళ్ళు ఊదుతారని.

అంతా విని, "ఊదించడం కూడా ఉద్యోగమేనా? ముప్పై ఏళ్ళు పొయ్యి ఊదాను, నాకెవరూ గొట్టం పెట్టి కొలవలేదు" అంది.

షెడ్లో నన్ను ఊదుడు తాత అంటారు. ఎదురుగానే అంటారు. నాకు కోపం రాదు, జవాబూ రాదు.

అక్టోబర్ 9

పోస్టుమేన్‌కి జ్వరం. రేపు ఏడో షెడ్డుకి నేనొక్కణ్ణే వెళ్ళాలి.

మొదటి రెండుసార్లూ ఏడో షెడ్డులో సగం వరస ఆయన చూశాడు, సగం నేను చూశాను. కిటికీ వైపు వరస ఆయనది. అలా పంచుకుందామని నేనే అన్నాను. కారణం ఆయన అడగలేదు.

కిటికీ వైపు మా తమ్ముడు ఉంటాడు.

అక్టోబర్ 10

ఏడో షెడ్డు అయింది. ముప్పై నాలుగు మంది. అందరివీ రాశాను. తమ్ముడు బాగానే ఉన్నాడు.

అక్టోబర్ 11

నిన్న సరిగా రాయలేదు.

ముప్పై ముగ్గురు ఊదారు. ఒక్కొక్కరు మూడుసార్లు, నియమం ప్రకారం. వడ్రంగి మేస్త్రీ నాలుగు వందల డెబ్భై ఊది, నా ఊపిరి మీద పందెం కాయండ్రా అని అందరినీ ఆటపట్టించాడు. చివరికి కిటికీ వైపు ఒక్కడు మిగిలాడు. రంపం దగ్గర వీపు ఇటు పెట్టి నిలబడి ఉన్నాడు. నేను గొట్టం తుడిచాను. ఇంకోసారి తుడిచాను. మధ్యలో పదిహేను అడుగులు ఉంటాయేమో. పదకొండేళ్ళ తర్వాత ఎదురుగా నిలబడి మొదట అనాల్సిన మాట "ఊదు" అనా?

వాడు తిరిగి చూడలేదు. చూసి ఉంటే వెళ్ళేవాణ్ణి. వెళ్ళేవాణ్ణే అనుకుంటున్నాను.

బయట దుంగల మీద కూర్చుని వాడి గడి నింపాను. మొదటి విడత నాలుగు వందల ముప్పై. రెండో విడత నాలుగు వందల పది. అందుకని 395, 405, 400 అని రాశాను. మూడూ ఒకటే రాస్తే బాగోదని కొంచెం అటూ ఇటూ వేశాను. ఉజ్జాయింపే. దూరం నుంచి చూశాను కదా, నిటారుగా నిలబడ్డాడు, చెక్క తోస్తున్నాడు. నాలుగు వందలకు తక్కువ ఊదే మనిషి అలా నిలబడడు.

అక్టోబర్ 12

తమ్ముడు బాగానే ఉన్నాడు.

అక్టోబర్ 20

ఆఫీసులో కాగితాలు ఇచ్చేశాం. లెక్కలమ్మ మా అందరినీ కూర్చోబెట్టి టీ ఇప్పించి బోర్డు మీద గీతలు గీసింది. నాకు అర్థమైనంత రాసుకుంటున్నాను.

చీటీలు తీసింది మనుషులకు కాదు, షెడ్లకు. నాలుగు వందల మందిని కొలుస్తున్నాం గానీ చీటీలు పన్నెండే. ఒక షెడ్డులో వాళ్ళంతా ఒకే పొట్టు పీలుస్తారు, ఒకే మేస్త్రీ చేత తిట్లు తింటారు. వాళ్ళ ఊపిరులకు పోలిక ఉంటుంది. ఆ పోలిక పట్టించుకోకుండా నాలుగు వందల మందినీ ఎవరికి వారుగా లెక్కేస్తే, తెలిసినదానికన్నా ఎక్కువ తెలిసిందని ధీమా వస్తుందిట. ఆ ధీమాయే ప్రమాదమంది. అలాగే ఒకే మనిషి నాలుగుసార్లు ఊదినవి నాలుగు వేరే మనుషులవి కావు. ఈసారి ఊదింది పోయినసారి ఊదినదాన్ని పోలి ఉంటుంది. అందుకని ఆమె వేసే లెక్కలో ప్రతి అంకెలోనూ షెడ్డు వాటా కొంత, మనిషి వాటా కొంత, ఆ రోజు వాటా కొంత విడదీస్తుంది. అవి విడదీశాకే యంత్రం వాటా ఎంతో చెప్పగలదు.

అన్నదమ్ముల ఆస్తి పంపకంలా ఉందన్నాడు పోస్టుమేన్. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

తర్వాత ఆమె అన్నది అన్నట్టే రాస్తున్నాను.

"ఎవరైనా రాకపోతే గడి ఖాళీగా వదిలెయ్యండి, భయపడకండి. ఖాళీ ఉన్నా మిగతా మూడుసార్లు ఊదినదాన్ని బట్టి నేను సర్దుకుంటాను. కానీ పక్కన ఎందుకో రాయండి. పెళ్ళికి వెళ్ళినవాడి ఖాళీ వేరు, ఆయాసంతో మంచం దిగలేనివాడి ఖాళీ వేరు. రెండూ చూడ్డానికి ఒకేలా తెల్లగా ఉంటాయి."

రాకపోయినా రాసేస్తే ఏమవుతుందని ఎవరో అడిగారు. నేను కాదు.

"అప్పుడు నాకు తెలియదు కదండీ. తెలియనిదాన్ని ఎలా సర్దను?" అంది.

గోడ గడియారం కేసి చూస్తూ కూర్చున్నాను. అందరూ లేచారు. టీ గ్లాసులు నేను తీశాను, ఎవరూ తియ్యమనలేదు. లెక్కలమ్మ ఏమైనా చెప్పాలా బాబాయిగారూ అని అడిగింది. గ్లాసులు ఎక్కడ పెట్టాలమ్మా అన్నాను.

డిసెంబర్ 2

రాయడానికి ఏమీ లేదు.

ఫిబ్రవరి 14

బస్సు దిగే చోట తమ్ముడు కనిపించాడు. నన్ను చూడలేదు. మెట్లు అయిదే, రెండుచోట్ల ఆగాడు. చేతిలో సంచి ఉంది, బరువు ఉండి ఉంటుంది.

ఫిబ్రవరి 15

సంచిలో ఏముందో నేను చూడలేదు. అయినా సంచి ఉంది.

ఏప్రిల్ 8

నాలుగో విడత, చివరిది. ఏడో షెడ్డుకి పోస్టుమేన్ ఒక్కడే వెళ్ళాడు. నాకు మోకాలు నొప్పి అన్నాను. నిజంగానే కొంచెం ఉంది.

సాయంత్రం తిన్నగా మా ఇంటికొచ్చి గుమ్మంలోనే చెప్పాడు. మా తమ్ముడు రెండుసార్లు ఊదాడట. మొదట రెండు వందల ముప్పై, తర్వాత రెండు వందల నలభై. మూడోసారి ఊదలేక దుంగ పట్టుకుని కూర్చుండిపోయాడట. మొదటిసారి ఊదినదానిలో అయిదో వంతుకు మించి తగ్గితే ఊపిరితిత్తుల డాక్టరుకు చీటీ రాసివ్వాలని నియమం. రాసిచ్చి, పాత మూడు విడతల కాగితాల నకలు కూడా జతచేసి వచ్చాడు.

"మొన్న అక్టోబర్లో నువ్వు చూసినప్పుడు బాగానే ఉన్నాడు కదా" అన్నాడు.

బాగానే ఉన్నాడు అన్నాను.

ఏప్రిల్ 9

నాలుగు వందల ముప్పైలో అయిదో వంతు ఎనభై ఆరు. తీసేస్తే మూడు వందల నలభై నాలుగు. అయిదో తరగతి లెక్క. అక్టోబర్లో అంతకు తక్కువ ఊది ఉంటే చీటీ నేనే రాసివ్వాల్సింది.

అంతకు తక్కువ ఊదేవాడని ఎవరు చెప్పగలరు? ఎక్కువే ఊదేవాడేమో.

ఏప్రిల్ 22

మరదలు వచ్చింది. తమ్ముడి భార్య ఈ గుమ్మం తొక్కి పదకొండేళ్ళు. ఇంటావిడ కుర్చీ తుడిచి వేసింది, తుడవక్కర్లేని కుర్చీ. నేను లేచి నిలబడ్డాను, ఎందుకో మళ్ళీ కూర్చోలేదు.

డాక్టరు తమ్ముణ్ణి పరీక్షించి ఆఫీసు కాగితాలు చూశాడట. పొట్టు వల్ల అయితే ఊపిరి మెట్లు దిగినట్టు కొంచెం కొంచెం తగ్గుతుంది. ఇక్కడ ఏడాదిపాటు దాదాపు అలాగే ఉండి ఆరునెలల్లో గోడ మీంచి పడ్డట్టు పడింది, ఇది పొట్టు కాదు, లోపల ఇంకేదో ఉంది అన్నాడట. గడ్డ అని అనుమానం. రక్తం రెండుసార్లు తీశారు. వచ్చేవారం గొంతులోంచి గొట్టం దించి లోపల ముక్క తీస్తారట. అంత ఆయాసంలో అది తట్టుకోగలడా అని ఆమె భయం. ఈలోగా షెడ్డు మానమని కూడా ఎవరూ అనలేదు, పొట్టు కాదన్నారు కాబట్టి. రోజూ వెళ్తూనే ఉన్నాడు.

"ఆ రోజు మీరు దగ్గరుండి ఊదించారు కదా బావగారూ. అప్పుడు ఆయాసపడ్డారా? రంగు మారడం లాంటిదేమైనా కనిపించిందా? డాక్టరుగారు అడగమన్నారు."

చెప్పడానికి నోరు తెరిచాను. బాగానే ఉన్నాడమ్మా అన్నాను.

ఆమె తలూపింది. ఇంకోమాట చెప్పింది. తమ్ముడి చేతిలో కాగితం పెట్టి, అక్టోబర్లో ఇంత ఊదావా అని డాక్టరు అడిగాడట. వాడు కాగితం కేసి చాలాసేపు చూసి నవ్వాడట.

"ఇది మా అన్న రాత, నాలుగు అంకెకి తోక పైకి తిప్పేది మా ఇంట్లో తనొక్కడే, అన్నారు. ఊదావా లేదా చెప్పవయ్యా అని డాక్టరుగారు విసుక్కుంటే, ఊదాను, అన్నారు."

ఆమె టీ సగం తాగి వెళ్ళిపోయింది. సగం గ్లాసు అలాగే ఉంది.

ఏప్రిల్ 23

వాడికి తెలుసు. ఊదలేదని నాకు తెలుసు, వాడికి తెలుసు. ఊదాను అన్నాడు.

పొద్దున ఇంటావిడ బట్టలు ఆరేస్తూ, నా వైపు చూడకుండా అడిగింది. "పదకొండేళ్ళు ఎదురుపడితే రోడ్డు దాటినవారు, గొట్టం పట్టుకుని వాడి నోటి ముందు ఎలా నిలబడ్డారండీ?"

నేను బట్టల బుట్ట ఆమె దగ్గరికి జరిపాను. ఆమె దుప్పటి దులిపింది.

"అనుకున్నాను" అంది.

ఇక రాయాలి. అప్పటి సంగతి కూడా రాయాలి. ఎవరికీ చెప్పలేదు.

ఇద్దరం ఒకే మిల్లులో చేసేవాళ్ళం. నేను మర మీట దగ్గర, వాడు రంపం దగ్గర. ఒకరోజు చెక్క ఇరుక్కుంటే మర ఆపాను. వాడు చెయ్యి పెట్టి చెక్క లాగుతున్నాడు. బయట దుంగల బండి వచ్చిన చప్పుడైతే అటు తల తిప్పాను. తల అటే ఉంచి మీట వేశాను. వాడి కుడిచేతికి రెండు వేళ్ళు పోయాయి. చిటికెనవేలు, దాని పక్కది.

యజమాని వచ్చి అడిగాడు. మర ఆడుతుండగా చెయ్యి ఎవడు పెట్టమన్నాడు అని వాణ్ణి అరిచాడు. వాడు చేతికి తువ్వాలు చుట్టుకుని నిలబడి, "అన్నా, నువ్వు చెప్పు" అన్నాడు. అంతే అన్నాడు. మీటేసింది నువ్వని అనలేదు. చెప్పడానికి నాకు వదిలాడు.

నేను నేల చూశాను. నేలమీద పొట్టు ఉంది. నేను చూస్తూనే ఉన్నాను. యజమాని నా మౌనాన్ని తనకు కావలసినట్టు చదువుకున్నాడు. వాణ్ణి అజాగ్రత్త మనిషని తీసేశారు. నేను ఇంకో తొమ్మిదేళ్ళు అదే మీట దగ్గర చేశాను.

సిగ్గు అనుకునేవాణ్ణి. నలుగురిలో మాట పెగలదు, చిన్నప్పట్నుంచీ అంతే అని. పోస్టుమేన్ ఒకసారి నాతో అన్నాడు: "నలభై ఏళ్ళు ఉత్తరాలు మోశాను గానీ నీలాంటి కవరు చూళ్ళేదు. నాలుగు వైపులా అతికించి ఉంటుంది, లోపల ఏముందో తపాలావాడికి కూడా తెలియదు." అప్పుడు నవ్వాను.

లోపల ఉన్నది ఇదే.

ఏప్రిల్ 24

ఆఫీసుకు వెళ్ళాను. లెక్కలమ్మ ఒక్కతే ఉంది. గది చిన్నది, కిటికీకి పాత క్యాలెండరు అడ్డం పెట్టారు, ఎండ కంప్యూటరు తెర మీద పడకుండా. అరగంట కూర్చున్నాను. ఆమె పని చేసుకుంటూ ఉంది, తొందరపెట్టలేదు. ఈ పుస్తకం అక్టోబర్ 11 దగ్గర తెరిచి ఆమె ముందు పెట్టాను. చూపించక్కర్లేదని ఆమే అంది, అయినా నోటితో రాలేదు.

ఆమె రెండుసార్లు చదివింది. కళ్ళజోడు తీసింది.

"ఈ ఒక్కటేనా, ఇంకా ఉన్నాయా?"

ఒక్కటేనమ్మా అన్నాను. నమ్ముతుందా అని చూశాను. నమ్మనక్కర్లేదు బాబాయిగారూ, చూస్తాను అంది. తెర మీద ఏడో షెడ్డు తీసింది. లావు గీత ఒకటి, అది షెడ్డుది. దాని చుట్టూ సన్నగీతలు ముప్పై నాలుగు, ఒక్కో మనిషిది ఒక్కోటి, ఎవరి ఎత్తులో వాళ్ళు మొదలై కిందికి వాలుతున్నాయి. నేను కొలిచిన మిగతావాళ్ళ అంకెలు మనుషుల అంకెల్లాగే ఉన్నాయంది. నిజంగా ఊదినవాడు ఒకసారి ఎక్కువా ఒకసారి తక్కువా ఊదుతాడు, అలాగే ఉన్నాయి.

తర్వాత ఒక సన్నగీత మీద వేలు పెట్టింది. నాలుగు చుక్కలు. మూడు దాదాపు ఒకే వరసలో ఉన్నాయి, నాలుగోది చాలా కింద. ఆమె మూడో చుక్క చెరిపింది. గోడ పోయింది. మెట్లు వచ్చాయి.

పక్కవాళ్ళ గీతలు కూడా అలాగే వాలుతున్నాయి, ఇతనిది కొంచెం ఎక్కువ. షెడ్డు వాటా, మనిషి వాటా. ఆ మూడో చుక్క ఏ వాటాలోనూ పడలేదు. అది నాది.

నిజంగా ఊది ఉంటే ఎంత ఊదేవాడని అడిగాను. ఆమెకు చెప్పాలని లేదు. మళ్ళీ అడిగాను, నేను రెండోసారి అడగడం అరుదు.

"మూడు వందల పాతిక దగ్గర. అటూ ఇటూ నలభై ఉండొచ్చు. కానీ గీతలు మందను చూసి చెబుతాయి బాబాయిగారూ, ఒక మనిషికి ఆ రోజు ఎంత ఊపిరి ఉందో మనిషి ఊదితేనే తెలుస్తుంది."

నలభై కలిపితే మూడు వందల అరవై అయిదు. మూడు వందల నలభై నాలుగు గీటుకు పైనే, చీటీ అక్కర్లేదు. కలపకపోతే చీటీ రాసివ్వాలి. తేలదు. ఎప్పటికీ తేలదు. తేల్చుకునే వీలున్న రోజున దుంగల మీద కూర్చున్నాను.

ఆమె వెంటనే డాక్టరుకు ఫోన్ చేసింది. నా ముందే చేసింది. అక్టోబర్ అంకె కొలిచింది కాదు, తీసేయండి అని చెప్పింది. ఎవరు రాశారని అవతల అడిగినట్టున్నారు. ఆమె నా వైపు చూసింది. నేను చెయ్యి చాపి ఫోన్ తీసుకున్నాను.

"నేనేనండి. వాళ్ళ అన్నని" అన్నాను.

ఏప్రిల్ 26

నన్ను ఇక కొలతకు రావద్దన్నారు. న్యాయమే. గొట్టం, పెట్టె, సంచీ ఇచ్చేశాను. గొట్టం కడిగి ఇచ్చాను.

ఏడో షెడ్డు మూడో విడత అంతా ఉంచాలా తీసెయ్యాలా అని పెద్దవాళ్ళు కూర్చుని తేలుస్తారట. లెక్కలమ్మ రెండు రకాలుగానూ లెక్క వేసి రెండూ చూపిస్తానంది, నేను చేసిందీ రాస్తానంది. ఏం తేలుతుందమ్మా అన్నాను. యంత్రం పనిచేస్తున్నట్టే ఉంది, కానీ ఉన్నవే పన్నెండు, అందులో ఒకటి సన్నగిల్లితే అంత గట్టిగా చెప్పలేను అంది. మిగతా ఆరు షెడ్లకు యంత్రం రాకపోతే అందులో నా చెయ్యి ఎంత అని అడగాలనుకున్నాను. అడగలేదు. ఇది నాకు తెలుసుకోవాలని లేదు.

వచ్చేటప్పుడు మెట్ల దాకా వచ్చింది. నా మీద కోపగించుకుంటుందేమో, తిడుతుందేమో అనుకున్నాను. ఖాళీగా వదిలి పక్కన నిజం రాసి ఉంటే చాలు కదా అంది. ఏమని రాసేదమ్మా, కొలిచేవాడికి సిగ్గు అనా, అన్నాను.

"అదే రాయాల్సింది. అలాంటి కారణం నాకు చాలా పనికొచ్చేది" అంది. నవ్వలేదు.

మే 2

మరదలు కబురు పంపింది. గొట్టం దించడం ఆపేశారు. పొట్టు వల్లే అన్నారు. తమ్ముణ్ణి షెడ్డు మాన్పించారు. పోయిన ఊపిరి తిరిగి రాదట, ఇక పోకుండా చూడగలమేమో అన్నారట. ఆరునెలలు ముందే మాని ఉంటే అని డాక్టరు మొదలుపెట్టి మధ్యలో ఆపాడట. ఆ మధ్యలో ఆపింది కూడా ఆమె చెప్పి పంపింది. ఎందుకు చెప్పి పంపిందో నాకు తెలుసు.

ఎక్కువ మాట్లాడితే ఆయాసం వస్తోందట. ఏదైనా కావాలంటే కాగితం మీద రాసి ఇస్తున్నాడట.

మే 3

వాళ్ళ వీధి మొదటిదాకా వెళ్ళి వచ్చాను.

మే 4

ఇవాళ గుమ్మందాకా వెళ్ళాను. లోపల దగ్గు వినిపించింది. తలుపు మీద చెయ్యి పెట్టి తీసేశాను. తట్టలేదు. ఈ వయసులో కూడా.

ఇంటావిడతో చెప్పాను. ఆమె పాలగిన్నె కింద నుంచి ఈ పుస్తకం లాగి నా ఒళ్ళో పెట్టింది. అంది కదా, "నోరు లేదు సరే, చేతులున్నాయిగా."

మే 5

ఒరే చిన్నోడా,

ఇంతవరకు రాసింది నాకోసం రాసుకున్నాను. ఇక్కడి నుంచి నీకు. మొదటి పేజీలో తప్పు ఎవరి దగ్గర ఒప్పుకోవాలో తెలియక అలా రాశాను, ఇప్పుడు తెలిసింది కాబట్టి అది నీకే అనుకో. రాత గురించే కాదు.

ఆ రోజు మీట వేసింది నేను. నువ్వు చెయ్యి పెట్టింది మర ఆగి ఉండగా. నువ్వు అజాగ్రత్త మనిషివి కావు. ఇది పాత యజమానికి వేరే కాగితం మీద రాసి సంతకం పెట్టాను. ఆయన చదివినా చదవకపోయినా నకలు ఇందులో మడిచి పెట్టాను.

అక్టోబర్లో నీ గడిలో రాసింది అబద్ధం. అది నువ్వు చూశావు, నా నాలుగును గుర్తుపట్టావు, నన్ను కాపాడడానికి ఊదాను అన్నావు. ఆ అబద్ధం మీద నీ గొంతులోకి గొట్టం దించబోయారు. అప్పుడు కూడా నువ్వు నా పేరు చెప్పలేదు. ఇది రెండోసారి. మొదటిసారి నువ్వు నా పేరు చెప్పకుండా నాకు వదిలినప్పుడు నేనేం చేశానో నీకు తెలుసు. ఈసారి చెప్పాను. చాలా ఆలస్యంగా, ఫోన్లో, మూడే ముక్కలు.

నిన్ను వచ్చి చూస్తానని రాయడం లేదు. రాసి రాకపోతే అదింకో తప్పుడు అంకె అవుతుంది. నువ్వు రమ్మంటే మాత్రం వస్తాను. పదిహేను అడుగులే కదా.

పుస్తకం పోస్టుమేన్ తెచ్చి ఇస్తాడు. రిటైరయినా ఇది తన డ్యూటీయే అన్నాడు. నువ్వు చదివేదాకా వరండాలో కూర్చుంటాడట, టీ ఇప్పించు, చక్కెర తక్కువ. మూడు వేళ్ళతోనే రాసినా నీ రాత నాకన్నా గుండ్రంగా ఉంటుందని మరదలు చెప్పింది. చిన్నప్పుడూ అంతే.

తిట్టాలంటే తిట్టు. రావద్దనాలంటే ఆ ఒక్క ముక్క చాలు. ఏమీ రాయాలనిపించకపోతే కాగితం ఖాళీగానే పంపు, కానీ ఒక మూల ఎందుకో రాయి, కోపమో, ఆయాసమో. రెండూ చూడ్డానికి ఒకేలా తెల్లగా ఉంటాయి, నాకు తెలియదు.

త్వరగా రాయి తమ్ముడూ. పోస్టుమేన్ వచ్చేదాకా గుమ్మంలోనే ఉంటాను.